మాటల్లేని ఏడు నిమిషాలు

2022 జులైలో నేను భద్రాచలంలో మా ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నా. అప్పటికింకా వర్క్ ఫ్రమ్ హోమ్ నడుస్తోంది. పొద్దున మీటింగులో ఉండగా బయట మైకులో అనౌన్స్‌మెంట్. మా టీమ్‌లో చెన్నై అతను "మీ దగ్గర ఎలక్షన్లా?" అని అడిగాడు. కాదు బాబూ, గోదారి అన్నాను.

మా ఊళ్లో పుట్టినవాళ్లకి మూడు అంకెలు నోటికొచ్చి ఉంటాయి. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది దాటితే ఇక ఎవరూ పనులకి పోరు, కరకట్ట మీదకెళ్లి నీళ్లు చూస్తూ నిలబడతారు. ఆ ఏడాది 53 దాటింది, 60 దాటింది, జులై 16కి 71.3 అడుగులకి వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చిందని మా నాన్న ఎప్పుడూ చెబుతుండేవాడు, కథలా వినేవాళ్లం. ఆ తర్వాత అంత ఎత్తు రావడం ఇదే. బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు. కరెంటు పోయింది. నెట్‌వర్క్ కూడా పోయింది. నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆ రోజుకి అక్కడితో సరి.

అమ్మ అంగన్‌వాడీ టీచర్. ఆమెకి పునరావాస కేంద్రంలో డ్యూటీ వేశారు. ఒక స్కూల్లో. ఖాళీగా ఉన్నావుగా, వచ్చి బియ్యం బస్తాలు మొయ్యి అని నన్నూ లాక్కెళ్లింది.

బస్తాలు మోసింది ఒక గంట. మిగతా టైమంతా పిల్లలతోనే.

అక్కడ రకరకాల వాళ్లున్నారు. టౌన్‌లో లోతట్టు కాలనీల వాళ్లు, నది పక్క ఊళ్ల కోయ కుటుంబాలు, ఇంకా లోపల అడవిలోంచి వచ్చిన గుత్తికోయల వాళ్లు కొందరు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలప్పుడు సరిహద్దు దాటొచ్చి మన వైపు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు చూడండి, వాళ్లు. పెద్దవాళ్లలో కొందరికి తెలుగు వస్తుంది. చిన్నపిల్లలకి రాదు. నాకేమో కోయ రాదు. ముప్పై కిలోమీటర్ల దూరంలో పెరిగి, పక్కూరి భాషలో 'అన్నం తిన్నావా' అని కూడా అడగలేకపోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. జావాస్క్రిప్ట్ వచ్చు, పైథాన్ వచ్చు, ఇది రాదు.

పిల్లలు పద్నాలుగు, పదిహేను మంది దాకా ఒక క్లాసురూమ్‌లో గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఏడవట్లేదు, అల్లరి చేయట్లేదు. అలా కూర్చునే ఉన్నారు. పిల్లలు అల్లరి చేయకపోతే ఎంత భయమేస్తుందో అమ్మకి ముందే తెలుసనుకుంటా. "ఏదో ఒకటి చెయ్యిరా" అంది.

నా ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టిన టామ్ అండ్ జెర్రీలు ఆరో ఏడో ఉన్నాయి. నాకోసం కాదు (అని అప్పుడు చెప్పుకున్నా), మా అక్క కూతురికి అన్నం తినిపించడానికి. పవర్ బ్యాంక్ ఉంది. ఫోన్‌ని ఒక స్టీలు గ్లాసుకి ఆనించి బెంచీ మీద నిలబెట్టి ప్లే నొక్కా.

మొదటి నిమిషం ఎవరూ కదల్లేదు. టామ్ మొహానికి పెనం తగిలి, మొహం పెనం ఆకారంలోకి మారింది. వెనకనుంచి ఎవరో 'హిక్' మన్నట్టు చిన్న సౌండ్. ఇంకో దెబ్బకి నలుగురు నవ్వారు. మూడో దానికి రూమ్ మొత్తం. పక్క గదిలోంచి పెద్దవాళ్లు తొంగిచూశారు. ఒక ముసలాయన గడప దగ్గర గొంతుక్కూర్చుని, మిగతా సినిమా అంతా చూశాడు.

ఇంటికొచ్చాక ఇది నన్ను వదల్లేదు. నెట్‌వర్క్ వచ్చాక చదవడం మొదలెట్టా. అప్పటిదాకా నాకు టామ్ అండ్ జెర్రీ అంటే స్కూల్ నుంచి వచ్చి బ్యాగ్ విసిరేసి కార్టూన్ నెట్‌వర్క్ పెట్టుకోవడమే. అది పిల్లల టీవీ ప్రోగ్రామ్ అనుకునేవాణ్ని. కాదు. అసలు అది టీవీ కోసం తీసిందే కాదు. మనం చూసిన మంచి టామ్ అండ్ జెర్రీలన్నీ సినిమా హాల్లో, మెయిన్ పిక్చర్‌కి ముందు, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి కూర్చుని చూడ్డానికి తీసినవి. అమెరికాలో అప్పట్లో టికెట్ కొంటే ఒక న్యూస్ రీల్, ఒక కార్టూన్, ఆ తర్వాత సినిమా. కార్టూన్ నిడివి ఏడు నిమిషాలు, కాస్త అటూఇటూ.

మొదటిది 1940 ఫిబ్రవరిలో వచ్చింది, ఎంజీఎం స్టూడియో నుంచి. పేరు 'పుస్ గెట్స్ ది బూట్'. అందులో పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్! తీసింది విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. ఇద్దరూ కలిసి 1958 దాకా 114 కార్టూన్లు చేశారు, వాటిల్లో ఏడింటికి ఆస్కార్లు. ఇంకో ముచ్చట. టామ్ కాలు మీద ఏదో పడినప్పుడు ఒక అరుపు అరుస్తాడు కదా, చిన్నప్పుడు మనమంతా ఇమిటేట్ చేసినది. ఆ గొంతు డైరెక్టర్ హన్నాదే. ఎవరినీ పెట్టకుండా తనే మైకు ముందు నిలబడి అరిచాడు. స్టార్టప్ కల్చర్ అంటే ఇదే.

ఇక లెక్క చూడండి. సెకనుకి 24 ఫ్రేములు. ఏడు నిమిషాలంటే 10,080 ఫ్రేములు. రెండు ఫ్రేములకి ఒక బొమ్మ అనుకున్నా ఐదు వేల పైచిలుకు. పిల్లికి వేరే, ఎలకకి వేరే. అన్నీ చేత్తో గీసి, పారదర్శకమైన షీట్ల మీదకి ఎక్కించి, వెనక రంగులు వేసి, ఒక్కొక్కటి ఫొటో తీయాలి. అన్‌డూ బటన్ లేదు. హన్నా చేసే పని ముఖ్యంగా టైమింగ్. ఏ దెబ్బ ఏ ఫ్రేములో పడాలి, సంగీతంలో ఏ బీట్ మీద పడాలి అని కాగితం మీద ముందే రాసి పెట్టేవారు. స్కాట్ బ్రాడ్లీ అనే ఆయన దానికి మొత్తం ఆర్కెస్ట్రా సంగీతం కట్టేవాడు. 1947లో వచ్చిన 'ది క్యాట్ కాన్సర్టో' ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. టామ్ కోటేసుకుని పియానో వాయిస్తుంటాడు, జెర్రీ పియానోలో పడుకుని ఉంటాడు. కథంటే అంతే. కానీ ఏ మెట్టు వినిపిస్తే ఆ మెట్టు మీదే టామ్ వేలు ఉంటుంది.

టామ్ అరుస్తాడు, నవ్వుతాడు, మొత్తుకుంటాడు, మాట్లాడ్డం మాత్రం దాదాపు ఉండదు. అందుకే మా పునరావాస కేంద్రంలో డబ్బింగ్ అవసరం పడలేదు. మాటకి బదులు అక్కడ సంగీతం ఉంది. ఎలక మెల్లగా నడుస్తుంటే తీగ వాయిద్యాలు మెల్లగా నడుస్తాయి. అది కోయ పిల్లకీ తెలుస్తుంది, కాలిఫోర్నియా పిల్లకీ తెలుస్తుంది.

మా నాన్నతో ఈ విషయం చెబుతుంటే ఆయన ఒక్క మాటన్నాడు. "ఇందులో కొత్తేముందిరా, కేతిగాడేగా."

తోలుబొమ్మలాట నేను నేరుగా చూడలేదు, వీడియోల్లో చూశా. రాత్రంతా రామాయణమో భారతమో నడుస్తుంటే మధ్యమధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి తిట్టుకుని, తన్నుకుని, నిద్రపోయేవాళ్లని లేపి పోతారు. రాముడి కథకీ వాళ్లకీ సంబంధం ఉండదు. పెద్ద కథ మధ్యలో చిన్న తన్నులాట. అమెరికా సినిమా హాల్లో కార్టూన్‌ది కూడా అదే ఉద్యోగం. ఇంకా బాగా నచ్చింది ఏంటంటే, బొమ్మలాడించేవాళ్లు కాళ్ల కింద చెక్కలు పెట్టుకుంటారు. తెర మీద దెబ్బ పడినప్పుడల్లా తెర వెనక చెక్క మీద కాలితో టక్కుమని తొక్కుతారు. తోలుబొమ్మకి తోలుబొమ్మ తగిలితే చప్పుడేం వస్తుంది? చప్పుడంతా ఆ చెక్కదే. ఇంగ్లీషులో 'స్లాప్‌స్టిక్' అన్న మాట కూడా అలాంటి చెక్క నుంచే పుట్టింది. పాత ఇటలీ నాటకాల్లో కమెడియన్లు రెండు చెక్కలు కలిపి కట్టిన కర్ర పట్టుకునేవాళ్లు. కొడితే దెబ్బ తక్కువ, చప్పుడు ఎక్కువ.

దెబ్బ తక్కువ, చప్పుడు ఎక్కువ. మా పిల్లలు నవ్వింది అందుకేనా అని ఆలోచిస్తూ ఉండేవాణ్ని. ఎందుకంటే ఆ వారం వాళ్లు చూసింది సరిగ్గా దానికి ఉల్టా. నీళ్లు చప్పుడు చేయకుండా వచ్చాయి. రాత్రి గుమ్మంలో ఉన్నవి, తెల్లారేసరికి పొయ్యి మీదకొచ్చాయి.

సరే, ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

రెండో రోజు. పిల్లలు నాకోసం గుమ్మంలోనే కాపు కాశారు. నేను హుషారుగా ఏది ముందు కనిపిస్తే అది నొక్కేశా. అది 'మైస్ ఫాలీస్', 1954ది. మీలో చాలామంది చూసే ఉంటారు. జెర్రీ, ఇంకో బుల్లి ఎలక కలిసి వంటగదిలో కుళాయి తిప్పేస్తారు. నీళ్లు సింకు నిండి, పొంగి, నేల మీదకి పారతాయి. వంటగది మొత్తం నీళ్లు.

రూమ్ ఒక్కసారి నిశ్శబ్దం. నాకు వెన్ను జివ్వుమంది. ఆపేద్దామని చెయ్యి చాచా. ఒక పిల్లాడు, ఎనిమిదేళ్లుంటాయేమో, లేచి బయటికెళ్లిపోయాడు. వెళ్తూ వెనక్కి కూడా చూడలేదు. ముందు వరసలో ఒక పాప తెరని వేలితో చూపిస్తూ పక్కదానితో ఏదో అంది. అందులో 'ఏరు' అన్న ముక్క ఒక్కటే నాకు వినపడింది. కోయలో ఏరు అంటే నీళ్లంట. తెలుగులో మనకి వాగు. ఆ వారం రెండూ ఒకటే.

నేను ఆపేలోపే ఎలకలు ఫ్రిజ్ పని పట్టాయి. నేల మీద నీళ్లన్నీ గడ్డకట్టేశాయి. ఎలకలు రెండూ దాని మీద జారుతూ డాన్సు మొదలెట్టాయి. టామ్ వచ్చి అడుగేసి, జారి, ఆ గోడ నుంచి ఈ గోడకి కొట్టుకుంటున్నాడు. ఆ పాప నోరు తెరుచుకుని చూస్తోంది. ఐస్ మీద నడవడం వీళ్లెవరూ చూసినవాళ్లు కాదు, నేనూ కాదనుకోండి. కానీ నీళ్లు గట్టిపడి నేలైపోయాయని మాత్రం అర్థమైంది. పాప లేచి నిలబడి, స్కూల్ బండల మీద పాదం ఇటూ అటూ జార్చి చూసింది. అంతే, ఇంకో ఇద్దరు లేచారు. కాసేపటికి ఫోన్ చూసేవాళ్లు ఎవరూ లేరు. రూమంతా జారుతున్నారు, కావాలని పడుతున్నారు, పడినప్పుడల్లా టామ్‌లా కేకేస్తున్నారు. అమ్మ అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఏందిరా ఈ గోల" అంది కానీ ఆపలేదు.

అయితే ఆ పిల్లాడు మాత్రం రాలేదు. వరండాలో స్తంభం దగ్గర కూర్చున్నాడు. అమ్మ వాళ్లమ్మతో మాట్లాడి వచ్చింది. వాళ్ల మేకలు రెండు కొట్టుకుపోయాయట. వాటిని కట్టేసింది వీడే. తాడు విప్పకుండా వచ్చేశాడట.

కార్టూన్లు మనసుకి మందు అని రాసేవాళ్లని చూస్తే నాకు అప్పట్నుంచి కొంచెం చిరాకు. పదిహేను మందిలో పద్నాలుగు మంది నవ్వారు, ఒకడు లేచిపోయాడు. కార్టూన్‌లో ఎవరూ చావరు. టామ్ పచ్చడైపోతాడు, ముక్కలవుతాడు, తర్వాతి సీన్‌లో మామూలుగా ఉంటాడు. మా భాషలో చెప్పాలంటే ప్రతి సీన్‌కీ రీసెట్ ఉంది. మేకలకి లేదు. ఆ తేడా తెలిసినవాడు వాడొక్కడేనేమో.

ఇంకొకటి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. మూడో రోజుకి నేను జాగ్రత్తపడి, ప్రతిదీ ముందు నేను చూసి పెట్టడం మొదలెట్టా. అప్పుడు కనిపించాయి, చిన్నప్పుడు కనిపించనివి. బాంబు పేలి మొహం నల్లబడగానే లావు పెదాలు, జడలతో నల్లజాతి వాళ్లని వెక్కిరించే బొమ్మగా మారిపోవడం. ఇంట్లో పనిచేసే నల్లజాతి ఆవిడకి చాలావరకు మొహమే ఉండదు, కాళ్లు, చెప్పులు, గొంతు మాత్రమే. వీటి మీద అమెరికాలో అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయి. తర్వాత టీవీలో కొన్ని సీన్లు కత్తిరించారు, ఇప్పుడు కొన్నిచోట్ల ముందు హెచ్చరిక వేస్తున్నారు. నేను అలాంటివి ఒకటి రెండు పక్కన పెట్టేశా. ఆ రూమ్‌లో కూర్చుని అవి చూస్తుంటే మన తెలుగు సినిమాల్లో కోయదొర కామెడీలు గుర్తొచ్చాయి. ఈకల టోపీ, పూసలు, వచ్చీరాని తెలుగు, చెయ్యి చూసి జోస్యం. మనమూ నవ్వాం కదా వాటికి. నేనైతే పడీపడీ నవ్వా. ఇప్పుడు ఆ పిల్లల ముందు ఆ క్లిప్ ప్లే చేయగలనా అంటే, చేయలేను.

హన్నా, బార్బెరాల సంగతి ఏమైందంటే, 1957లో ఎంజీఎం వాళ్ల కార్టూన్ స్టూడియోనే మూసేసింది. హాళ్లకి జనం తగ్గారు, ఇళ్లల్లోకి టీవీ వచ్చింది, ఏడు నిమిషాల బొమ్మకి అంత ఖర్చు ఎవరూ పెట్టరు. వాళ్లిద్దరూ టీవీకి మారి తక్కువ బొమ్మలతో పని కానిచ్చే పద్ధతి పట్టుకున్నారు. ఒళ్లు కదలదు, నోరు కదులుతుంది. 1960లో 'ఫ్లింట్‌స్టోన్స్', 1969లో 'స్కూబీ డూ' అలా వచ్చినవే. ఒళ్లు కదలకపోతే కథ మాటల్లో చెప్పాలి. మాటలొస్తే డబ్బింగ్ కావాలి. మా రూమ్‌లో 'స్కూబీ డూ' పెట్టి ఉంటే ఐదు నిమిషాలు కూడా నడిచేది కాదు.

నా దగ్గరున్న వాటిల్లో ఒక్కటే వేరే కంపెనీది, వార్నర్ బ్రదర్స్ వాళ్ల రోడ్ రన్నర్. ఎడారిలో ఒక బక్క నక్కలాంటి జంతువు (కయోటీ అంటారు) పరిగెత్తే పక్షిని పట్టుకోవాలని చూస్తూ ఉంటుంది. 1949లో చక్ జోన్స్ మొదలెట్టాడు. ఇందులో పక్షి ఎప్పుడూ కొట్టదు. కయోటీ తెప్పించుకున్న రాకెట్టు, స్ప్రింగు, బాంబు దానికే తిరిగి తగులుతాయి. ప్రొడక్షన్‌లో శుక్రవారం సాయంత్రం కోడ్ పెట్టినవాళ్లకి ఈ బాధ కొత్తగా వివరించక్కర్లేదు. కొండ అంచు దాటి గాల్లోకి పరిగెత్తినా పడదు, నిలబడే ఉంటుంది. కిందకి చూసినప్పుడే పడుతుంది.

నాలుగో రోజు గోదారి తగ్గుముఖం పట్టింది. సాయంత్రం ఇదే పెట్టా. కయోటీ గాల్లో ఆగింది. పిల్లలందరూ ఊపిరి బిగబట్టారు. అది కిందకి చూసింది. మన వైపు చూసింది. పడింది.

కిటికీ బయటనుంచి నవ్వు వినపడింది. స్తంభం దగ్గరి పిల్లాడు. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు. నేను చూడగానే నవ్వు ఆపేశాడు. నేను మళ్లీ ఫోన్ వైపు తిరిగిపోయా.

వీడియో అయిపోయాక మిగతా వాళ్లు అన్నాలకి పోయారు. వాడు లోపలికొచ్చాడు. ఫోన్ తీసుకోలేదు, దాని ముందు నిలబడి వేలితో గాల్లో వెనక్కి గీత గీసి చూపించాడు. వెనక్కి తిప్పాలంట. తిప్పా. కయోటీ గాల్లో ఆగింది, చూసింది, పడింది. మళ్లీ గీత. మళ్లీ తిప్పా. ఎన్నిసార్లని లెక్కపెట్టలేదు. ఒక దశలో నేనే ఆ ఆగిన చోట పాజ్ చేసి పెట్టా. వాడు దగ్గరికొచ్చి గాల్లో ఉన్న కయోటీనీ, కింద లోయనీ చాలాసేపు చూశాడు. నా వైపు చూసి ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. అమ్మని పిలుద్దామనుకునేలోపు వాడే వేలు పెట్టి ప్లే నొక్కేశాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి వాళ్ల వాళ్లందరినీ ట్రాక్టర్ ఎక్కిస్తున్నారు. దుప్పట్లు, గిన్నెలు, బియ్యం సంచులు. వాడు ట్రాలీ వెనక అంచు మీద కూర్చున్నాడు. ట్రాక్టర్ కదిలాక నన్ను చూశాడు. తల వంచి రోడ్డు వైపు కిందకి చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు, కళ్లు పెద్దవి చేసి వెనక్కి, ట్రాలీలోకి, దుప్పట్ల మీద ధబీమని పడిపోయాడు. వాళ్లమ్మ వీపు మీద ఒకటి వేసింది. చప్పుడు గట్టిగానే వినపడింది.